చెట్టు కప్పకు గాజు ఇల్లు: కొలతలు చెప్పేది చర్మమే

కప్ప నోటితో నీళ్లు తాగదు. తడి నేల మీదో, నీటి పళ్లెంలోనో చతికిలబడి, పొట్ట కింది చర్మంతో నీటిని పీల్చుకుంటుంది. ఊపిరితిత్తులు ఉన్నప్పటికీ శ్వాసలో కొంత భాగం చర్మం గుండానే జరుగుతుంది. నీరు, ఆక్సిజన్ వెళ్లే ఆ దారిలోనే క్లోరిన్, సబ్బు, పురుగుమందు కూడా ఒంట్లోకి చేరతాయి. చెట్టు కప్ప కోసం టెర్రేరియం అమర్చాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే. పెట్టెలో ఎంత తేమ ఉండాలి, ఏ నీరు పోయాలి, ఎంత వేడి తగును అనే ప్రశ్నలన్నింటికీ జవాబు ఆ పల్చటి చర్మం దగ్గరే దొరుకుతుంది.

ఇళ్లలో పెంచే చెట్టు కప్పల్లో బాగా పేరున్నది 'వైట్స్ ట్రీ ఫ్రాగ్'. దీని సొంత గడ్డ ఉత్తర, తూర్పు ఆస్ట్రేలియా, న్యూగినీ దక్షిణ ప్రాంతాలు. 1790లో దీన్ని వర్ణించిన శస్త్రవైద్యుడు జాన్ వైట్ పేరే దీనికి వచ్చింది. పెద్దయ్యాక సుమారు 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. సరైన సంరక్షణలో 15 ఏళ్లకు పైగా బతుకుతుంది. ఈ వ్యాసంలోని కొలతలు ఈ జాతికి సంబంధించినవి. ఇతర జాతుల అవసరాలు వేరుగా ఉండవచ్చు.

వార్డ్ సీసా నుంచి టెర్రేరియం దాకా

1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ ఒక చిమ్మట ప్యూపాను తడి మట్టితో సహా మూత బిగించిన గాజు సీసాలో ఉంచారు. కొన్నాళ్లకు ఆ మట్టిలో ఒక ఫెర్న్, కాస్త గడ్డి మొలిచాయి. మట్టిలోంచి, ఆకుల్లోంచి ఆవిరైన నీరు గాజుకు తగిలి చుక్కలుగా మారి మళ్లీ మట్టిలోకే జారేది. బయటి నుంచి నీరు పోయకుండానే ఆ మొక్కలు ఏళ్ల తరబడి బతికాయి. ఈ సూత్రంతో తయారైన 'వార్డియన్ పెట్టెలు' 1833లో మొక్కలతో సిడ్నీకి ఓడలో వెళ్లాయి. తరవాత రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా నుంచి తేయాకు మొక్కలను భారత్‌లోని హిమాలయ ప్రాంతాలకు చేర్చిందీ ఇలాంటి పెట్టెల్లోనే.

మొక్కకు సరిపోయిన మూసిన పెట్టె కప్పకు సరిపోదు. కప్ప ఆక్సిజన్ వాడుకుంటుంది, విసర్జిస్తుంది. దాని విసర్జనలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. కదలని గాలి, ఎడతెగని తడి కలిస్తే బాక్టీరియా, బూజు పెరుగుతాయి. కాబట్టి పెట్టెకు గాలి ఆడే జాలీ కావాలి. జాలీ పెడితే తేమ పోతుంది. ఈ రెండింటి మధ్య సమతుల్యం సాధించడమే టెర్రేరియం పని.

అర చెంచా నీటి లెక్క

రెండు పెద్ద కప్పలకు కనీసం 45 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు ఉన్న పెట్టె కావాలి. ఇవి కొమ్మలెక్కే జీవులు కనుక నేల వైశాల్యంతో పాటు ఎత్తు కూడా ముఖ్యం. ఆ పెట్టె ఘనపరిమాణం సుమారు 121 లీటర్లు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 23 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. అంటే మన పెట్టెలోని గాలి పూర్తిగా తేమతో నిండడానికి 3 గ్రాముల కంటే తక్కువ నీరు, దాదాపు అర టీ చెంచా, చాలు.

మరి రోజూ పిచికారీ ఎందుకు? తేమ నిండిన గాలి జాలీలోంచి పోతూ, గదిలోని పొడి గాలి లోపలికి వస్తూ ఉంటుంది. కాబట్టి తేమను నిలబెట్టేది గాలి కాదు. నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే మట్టి, ఆకులు, నాచు. అడుగు పొరలు సరిగా అమరితే పిచికారీ రోజుకు ఒకటి రెండుసార్లు చాలు.

ఉష్ణోగ్రత మారితే ఈ లెక్క మారిపోతుంది. 25 డిగ్రీల దగ్గర 60 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిని అలాగే 30 డిగ్రీలకు వేడి చేస్తే, ఒక్క చుక్క నీరు పోకపోయినా ఆర్ద్రత 45 శాతానికి పడిపోతుంది. వేడెక్కిన గాలికి మరింత ఆవిరిని ఇముడ్చుకునే శక్తి రావడమే కారణం. అందుకే తేమమాపకాన్ని ఒంటరిగా చూడకూడదు, పక్కన ఉష్ణమాపకం ఉండాలి. వీలైతే పైన ఒకటి, కింద ఒకటి అమర్చాలి. ఈ జాతికి 50 నుంచి 70 శాతం ఆర్ద్రత అనువైనది. రెండు పిచికారీల మధ్య ఆకులు, గాజు ఆరిపోవాలి.

రాత్రి చల్లదనం కూడా దీనికి పనికొస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో పొడి కాలంలో నెలల తరబడి వాన పడదు. అయినా చల్లటి రాత్రుల్లో ఈ కప్పలు తొర్రలు వదిలి బయటికి వస్తాయి. 2011లో 'ది అమెరికన్ నేచురలిస్ట్' పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి ఒక వివరణ ఇచ్చింది. బయట చల్లబడిన కప్ప వెచ్చగా, తేమగా ఉన్న తొర్రలోకి తిరిగి వెళ్లగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద చెమ్మ పట్టినట్టు దాని ఒంటి మీద నీరు పేరుకుంటుంది. ఆ నీటిని చర్మం పీల్చుకుంటుంది. కాబట్టి పెట్టె అంతా ఒకే వేడి, ఒకే తేమ ఉండేలా చూడనక్కర్లేదు. ఒక మూల కాస్త వెచ్చగా, ఇంకో మూల చల్లగా, ఎక్కడో ఒకచోట తొర్రలాంటి చాటు ఉంటే, ఎప్పుడెక్కడ ఉండాలో కప్పే ఎంచుకుంటుంది.

అడుగు నుంచి పైకి

అన్నిటికంటే కింద 3 నుంచి 5 సెంటీమీటర్ల మందాన కాల్చిన మట్టి గుళికలు పరవాలి. అదనపు నీరు ఇందులోకి దిగి, పై మట్టి బురద కాకుండా ఉంటుంది. గుళికలపై సన్నటి నైలాన్ జాలీ, దానిపై 5 నుంచి 8 సెంటీమీటర్ల కొబ్బరి పొట్టు, ఆ పైన ఎండుటాకులు వేయాలి. కొబ్బరి పొట్టును ఉప్పు పోయేలా బాగా కడగాలి. చిన్న గులకరాళ్లు వద్దు. పురుగును అందుకోబోయి కప్ప వాటిని మింగితే పేగుల్లో అడ్డుపడతాయి.

పెద్ద కప్ప బరువును మోయగల మొక్కలే నాటాలి. మనీ ప్లాంట్ ఇందుకు బాగుంటుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల ఆకులను కడిగి, పాత మట్టి దులిపి, కొన్ని వారాలు విడిగా పెంచాకే లోపల నాటాలి. లేకపోతే వాటిపై ఉన్న పురుగుమందు అవశేషాలు కప్ప చర్మానికి చేరతాయి. అడ్డంగా, ఏటవాలుగా గట్టి కొమ్మలు బిగించాలి. స్ప్రింగ్‌టెయిల్ అనే సూక్ష్మ కీటకాలను మట్టిలో వదిలితే బూజును తింటూ పెట్టెను శుభ్రంగా ఉంచుతాయి.

నీరు, వేడి, వెలుతురు

కుళాయి నీటిలోని క్లోరిన్ ఒక రోజు తెరిచి ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరమైన్ కలిపిన నీరైతే అలా పోదు. చేపల తొట్లకు వాడే క్లోరిన్ తొలగించే ద్రావణం రెండింటికీ పనిచేస్తుంది. ఆర్‌వో నీరు పిచికారీకి మంచిదే, గాజు మీద తెల్ల మరకలు పడవు. నీటి పళ్లెంలో మాత్రం లవణాలున్న, క్లోరిన్ తీసిన నీరే ఉండాలి. లవణాలు లేని నీటిలో కప్ప ఎక్కువసేపు కూర్చుంటే ఒంట్లోని లవణాలు బయటికి పోతాయి. పళ్లెం లోతు కప్ప కూర్చుంటే తల పైకి ఉండేంత చాలు. నీరు రోజూ మార్చాలి.

పగలు 24 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 20 నుంచి 22 డిగ్రీలు దీనికి తగినవి. చలి దేశాల పుస్తకాలు పెట్టెను వేడి చేయడం గురించి చెబుతాయి. మన దేశంలో చాలాచోట్ల అసలు సమస్య చల్లబరచడం. ఎండ పడే కిటికీ దగ్గర గాజు పెట్టె గంటలోపే ప్రాణాంతకంగా వేడెక్కగలదు. పైగా మామూలు గాజు అతినీలలోహిత-బి కిరణాలను చాలావరకు ఆపేస్తుంది. అంటే ఆ ఎండలో వేడి వస్తుంది గాని, విటమిన్-డి తయారీకి కావలసిన కిరణాలు రావు. తక్కువ తీవ్రత గల యూవీ-బి దీపాన్ని జాలీ పైన పెట్టి రోజుకు 12 గంటలు వెలిగించడం మేలు.

ఆహారానికి క్రికెట్ పురుగులు, బొద్దింకలు వాడతారు. పురుగు పరిమాణం కప్ప రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పెద్ద కప్పకు వారానికి రెండు మూడుసార్లు చాలు. క్యాల్షియం పొడి అద్ది ఇవ్వకపోతే ఎముకలు మెత్తబడతాయి. కళ్లపై చర్మపు మడత వేలాడుతుంటే కప్ప ఊబకాయంతో ఉందని అర్థం. ఇంట్లో దొరికిన పురుగులు వేయకండి, వాటికి మందు తగిలి ఉండవచ్చు. కప్పను ముట్టుకునే పని వీలైనంత తగ్గించాలి. తప్పనిసరైతే సబ్బు ఆనవాలు లేకుండా కడిగిన తడి చేతులతో పట్టుకోవాలి. తరవాత సాల్మొనెల్లా సోకకుండా చేతులను మళ్లీ సబ్బుతో కడగాలి.

పెట్టె దాటి పోకూడనిది

కైట్రిడ్ శిలీంధ్రం కప్ప చర్మంలోనే స్థిరపడుతుంది. లవణాల రవాణాను దెబ్బతీసి చివరికి గుండె ఆగిపోయేలా చేస్తుంది. 2009లో ఈ క్రమాన్ని పరిశోధకులు నిరూపించింది వైట్స్ ట్రీ ఫ్రాగ్ మీదే. 2019లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైన అంచనా ప్రకారం ఈ వ్యాధి 501 ఉభయచర జాతుల క్షీణతకు కారణమైంది. వాటిలో 90 జాతులు అంతరించి ఉండవచ్చు. ఈ శిలీంధ్రం ఖండాలు దాటడంలో జీవుల వ్యాపారానిది పెద్ద పాత్ర. భారత్‌లోని కప్పల్లోనూ ఇది ఉంది. దాన్ని గుర్తించేందుకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు మరింత సునిశితమైన పరీక్షను రూపొందించారు.

అందుకే అడవిలో పట్టిన కప్పను కొనకూడదు. పెంపకంలో పుట్టినదేనని, చట్టబద్ధంగా వచ్చిందేనని పత్రాలు చూసి నిర్ధారించుకోవాలి. ఎర్రకళ్ల చెట్టు కప్పల ప్రజాతి 2010 నుంచి అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం జాబితాలో ఉంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అలాంటి విదేశీ జీవులను పెంచేవారు ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పెట్టెలోంచి తీసిన నీటిలో బ్లీచింగ్ కలిపి కొంతసేపు ఉంచి మురుగు గొట్టంలోనే పోయాలి. పెంచలేకపోయినా సరే, కప్పను చెరువులో, తోటలో వదలకూడదు. వానాకాలంలో మన పెరళ్లలో, స్నానాల గదుల్లో కనిపించే దేశీయ చెట్టు కప్పను పట్టి తేవడమూ వద్దు. నీటి గుంటల పైన ఆకులకు నురుగు గూడు కట్టి గుడ్లు పెట్టుకునే ఆ జీవికి, పురుగుమందు చల్లని పెరడే మనం ఇవ్వగల మంచి చోటు.

ఇక అన్నీ అమరాక కప్పను వెంటనే తేవద్దు. నాలుగు వారాల పాటు ఖాళీ పెట్టెలో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఉష్ణోగ్రత, ఆర్ద్రత నమోదు చేయండి. ఆ పరీక్షను వీలైతే మే నెలలో పెట్టుకోండి. కరెంటు పోయిన మధ్యాహ్నం కూడా పెట్టె 30 డిగ్రీలు దాటకుండా నిలిస్తే కప్ప రావచ్చు. నిలవకపోతే ఆ ఇంట్లో టెర్రేరియం ఫెర్నులతోనే ఉండాలి. వార్డ్ సీసాలో పెరిగిందీ ఫెర్నే, అది చూడడానికీ బాగానే ఉంటుంది.