పళ్లెం ఫొటో పంపు

చి. కార్తీక్‌కి,



నీ ఊసరవెల్లి చింటూ ఫొటోలు చూశాను. నెత్తిమీద ఆ కిరీటం, పక్కల పసుపు చారలు చూస్తుంటే నేను పెంచిన పచ్చయ్యే మళ్లీ కొమ్మెక్కి కూర్చున్నట్టుంది. ఒక ఫొటోను మాత్రం పెద్దది చేసి చాలాసేపు చూశాను. పంజరం అడుగున బెరడు ముక్కలు పరిచావు. అవి నల్లగా నాని ఉన్నాయి. వాటి మీద రెండు కీచురాళ్లు తిరుగుతున్నాయి. ఇంకో ఫొటోలో పంజరం కింది పళ్లెం వంటింటి సింకులో, బియ్యం కడిగే గిన్నె పక్కనే ఉంది. అందుకే ఫోన్‌లో నాలుగు మాటలతో సరిపెట్టకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

పచ్చయ్యను తెచ్చుకున్న కొత్తలో నేనూ పైపైనే చూసుకున్నాను. రోజూ ఆకులు తుడిచేదాన్ని, తలుపు మెరిసేది, ఇంటికొచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. అడుగున మాత్రం నీళ్లు నిలిచేవి. సాయంత్రం మిగిలిన కీచురాళ్లను, రాత్రి ఆకలేస్తే తింటాడులే అని వదిలేసేదాన్ని. ఊసరవెల్లి చీకటి పడితే నిద్రపోతుంది, తినదు. ఆకలేసేది పురుగులకే. అవి కిందికి దిగి రెట్ట తింటాయి. ఒక్కోసారి నిద్రపోతున్న ప్రాణినే కొరుకుతాయి. తెల్లారాక అదే పురుగు కొమ్మెక్కితే వాడు నాలుక చాపి లటుక్కున మింగుతాడు. కొన్నాళ్లకు రెట్ట పలచబడి కంపు కొట్టింది. వాడు చిక్కిపోయాడు. డాక్టరుగారు రెట్టను మైక్రోస్కోప్ కింద చూసి కాక్సీడియా అన్నారు.

మందు వేయడం పెద్ద కష్టం కాలేదు. పంజరాన్ని బాగుచేయడమే కష్టమైంది. ఆ పరాన్నజీవి వదిలే తిత్తులు బ్లీచ్‌కు చావవు, గట్టి వేడికే చస్తాయి. కొమ్మలన్నీ పారేశాను. కుండీల్లో మట్టి మార్చాను. రోజూ సలసల కాగే నీళ్లు పళ్లెంలో పోసి, చల్లారాక రుద్దేదాన్ని. వాడు కోలుకున్నాడు. కానీ కళ్లు లోపలికి పోయి కొమ్మ మీద పట్టు కూడా నిలవని ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. తప్పు నాది, బాధ వాడిది.

మురికి కిందపడుతుంది, దాన్ని పైకి మోసుకొచ్చేది పురుగు. ఆ దారి మూసెయ్యి. ముందు ఈ రోజే ఆ బెరడంతా తీసెయ్యి. పురుగుతోపాటు ముక్క మింగితే పేగుకు అడ్డం పడుతుంది కూడా. అడుగు ఖాళీగా ఉంచు, లేదా పేపర్ టవల్ పరిచి రోజూ మార్చు. పురుగులను విడిగా వదలకుండా లోతైన కప్పులో వెయ్యి. ఎన్ని వేశావో గుర్తుపెట్టుకో, పంజరం దీపాలు ఆరేలోపు మిగిలినవి లెక్కపెట్టి తీసెయ్యి.

రెట్ట తీసేటప్పుడు ముక్కు మూసుకుని గబగబా పారేయకు, ఒక్క క్షణం చూడు. గోధుమరంగు భాగం గట్టిగా, పక్కనే ఉండే ముద్ద తెల్లగా ఉండాలి. ఆ తెల్లటిది పూర్తిగా నారింజరంగులోకి తిరిగితే వాడికి నీళ్లు చాలడం లేదని అర్థం. ఏడాదికోసారి తాజా రెట్ట జిప్ కవర్‌లో వేసి, సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

ఇక తడి. చింటూ పూర్వీకులది యెమెన్, దాన్ని ఆనుకున్న సౌదీ నైరుతి ప్రాంతం. వాళ్లు గిన్నెలో నీళ్లు తాగే రకం కాదు, ఆకు మీది బొట్లు నాకుతారు. అందుకని నువ్వు రోజంతా నీటి తుంపర చల్లే మిస్టింగ్ పెట్టేశావు. ఆకు తడవాలి, మళ్లీ ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. తెల్లవారుజామున ఒకసారి, రాత్రి ఒకసారి చాలు. అడుగున కన్నాలు పెట్టి కింద బకెట్ ఉంచు, రోజూ పారబొయ్యి. మిస్టింగ్ యంత్రం ట్యాంకులో పాత నీళ్ల మీదే కొత్త నీళ్లు పోయకు. లోపల వేలితో రుద్ది చూడు, జిగటగా తగిలిందంటే కడిగి చాలా రోజులైనట్టే. వారానికోసారి కడిగి, డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. నాజిల్ మూసుకుపోతే వెనిగర్‌లో నానబెట్టు.

నెలకోసారి మొత్తం కడిగేటప్పుడు చింటూను పైనుంచి చెయ్యివేసి పట్టుకోకు. వాడికి అది గద్ద తన్నుకుపోవడంతో సమానం, నల్లబడిపోతాడు. చెయ్యి కిందనుంచి ఆనిస్తే తనే ఎక్కుతాడు, మనీప్లాంట్ కుండీ మీద కూర్చోబెట్టు. ముందు సబ్బుతో రుద్ది కడుగు. మురికి మీద పోసిన బ్లీచ్ వృథా. తర్వాత ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లతో కడిగి ఆరబెట్టు. వెనిగర్, బ్లీచ్ ఎప్పుడూ కలవకూడదు, విషవాయువు పుడుతుంది. మందారం పెట్టావు, మంచిదే. పువ్వూ ఆకూ కూడా తింటాడు. అందుకే నర్సరీ మట్టి మార్చి, ఆకులు రెండు వైపులా కడిగాకే లోపల పెట్టు.

మీ నానమ్మ ఇప్పుడు నీ దగ్గరే ఉంది కదా. శుక్రవారం సాంబ్రాణి వెయ్యకుండా ఉండదు. వద్దనకు, కానీ ఆ పొగ చింటూకు పడదు, పూజ జరిగే గదిలో పంజరం లేకుండా చూడు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆ సింకు. ఆరోగ్యంగా కనిపించే ఊసరవెల్లి పేగులోనూ సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. దానివల్ల వచ్చే జబ్బు తాబేళ్లనుంచి పిల్లలకు అంటుకుంటోందనే 1975లో అమెరికాలో నాలుగంగుళాలకన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. అయిదేళ్లలోపు పిల్లలకు, అరవయ్యయిదు దాటినవాళ్లకు అది ఎక్కువ ప్రమాదం. మీ అక్క కూతురికి మూడేళ్లు, నానమ్మకు డెబ్భై రెండు. పళ్లెం గ్యారేజీలోనో పెరట్లోనో కడుగు. దానికి బకెట్, బ్రష్, తువ్వాలు వేరుగా ఉంచు, వంటింట్లోకి రానివ్వకు. వాణ్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. పాప దూరంనుంచే చూస్తుంది, ఇప్పటికి అది చాలు. సింకు మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే కడుగు.

రేపు రాత్రి దీపాలు ఆర్పాక ఒక ఫొటో తీసి పంపు. చింటూది కాదు, పళ్లేనిది.

మీ అత్త
ఎడిసన్, న్యూజెర్సీ