కొత్తగా వచ్చిన అమ్మాయికి కెప్టెన్సీ ఇవ్వొచ్చా?

ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కాకినాడ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పీఈటీని. అండర్-17 అమ్మాయిల హాకీ జట్టు చూసుకుంటున్నాను. ఈ జూన్‌లో ఒక అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరింది. అంతకుముందు స్పోర్ట్స్ హాస్టల్లో ఉండి ఆడిందట. మా పిల్లలందరూ ఒక ఎత్తు, ఆ అమ్మాయి ఒక్కతే ఒక ఎత్తు. హెడ్మాస్టరు గారు ‘ఇంకా ఆలోచన దేనికండీ, ఆ పిల్లనే కెప్టెన్ని చేసెయ్యండి’ అంటున్నారు. పదో తరగతి అమ్మాయి ఒకతె మూడేళ్లుగా జట్టును అంటిపెట్టుకుని ఉంది. ఫుల్ బ్యాక్. ఆట అంతంతమాత్రమే గాని ఒక్క ప్రాక్టీసుకూ డుమ్మా కొట్టలేదు. ఈసారి తనకే వస్తుందని ఆశగా ఉంది. పోటీలు దగ్గరపడ్డాయి. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఈ ఏడాదికి పదో తరగతి అమ్మాయికే ఇవ్వండి. పదకొండు మందిలో ఆమెకు చోటు ఖాయమైతేనే సుమా! జాలిపడి కెప్టెన్ని చేసి, ఆట మొదలయ్యాక బెంచీ మీద కూర్చోబెడితే అది ఆ పిల్లకు గౌరవం కాదు, అవమానం.

బాగా ఆడేది ఎవరో ఊళ్లో అందరికీ కనబడుతూనే ఉంది. దాన్ని చేతికి పట్టీ కట్టి చాటాల్సిన పని లేదు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య నిబంధనల పుస్తకంలో కెప్టెన్ గురించి ఉన్నది నాలుగు ముక్కలే. అందులో గోల్స్ కొట్టాలన్న మాట ఎక్కడా లేదు. జట్టులో ఉన్న అందరి ప్రవర్తనకూ కెప్టెనే బాధ్యురాలు. ఆటగత్తెలు లోపలికీ బయటికీ మారడం పద్ధతి ప్రకారం జరుగుతోందా లేదా అన్నదీ ఆమే చూసుకోవాలి. చూసుకోకపోతే శిక్ష ఆమె మీదే పడుతుంది. కెప్టెనే సస్పెండయితే ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టి తీరాలి. గ్రీన్ కార్డయితే రెండు నిమిషాలు బయట, ఎల్లో అయితే కనీసం ఐదు. అంపైరు మీదికి నోరు చేసుకోబోయే పిల్ల ప్రతి జట్టులోనూ ఒకతె ఉంటుంది. మీ జట్టులో ఆ పిల్ల ఎవరి మాటకు ఆగుతుంది? హెడ్మాస్టరు గారికి తెలియకపోవచ్చు, మీకు తెలుసు.

పెనాల్టీ కార్నర్ దగ్గర ఏం జరుగుతుందో గుర్తుచేసుకోండి. గోలీతో కలిపి ఐదుగురు మన గోల్ లైను వెనక నిలబడ్డారు. మిగతావాళ్లంతా సెంటర్ లైను అవతలికి పోయారు. ఎదుటి జట్టు అమ్మాయి బంతి తోసేలోపు ఎవరు మొదట పరుగెత్తి మీదికి వెళ్లాలో, ఎవరు పోస్టును కాచుకోవాలో తేలిపోవాలి. మొదట పరుగెత్తే పిల్ల సూటిగా బంతికి ఎదురెళుతుంది. మోకాలికో మడమకో తగలొచ్చు. ‘అక్కా, నువ్వెళ్లు’ అని తొమ్మిదో తరగతి పిల్ల అరిచిందనుకోండి. జూన్‌లో వచ్చి నన్ను బంతికి ఎదురు తోస్తోందా అని ఆ అక్క ఒక్క క్షణం ఆగుతుంది. గోల్ పడటానికి ఆ క్షణం చాలు. అదే మాట మూడేళ్లుగా పక్కనే నిలబడి దెబ్బలు తిన్న పిల్ల అంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. హాకీలో ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకోవచ్చు కాబట్టి ఫార్వర్డ్‌లు నాలుగైదు నిమిషాలకొకసారి బయటికొచ్చి ఊపిరి తీసుకుంటారు. ఫుల్ బ్యాక్ ఎక్కువసేపు లోపలే ఉంటుంది, మైదానమంతా ఆమె కళ్లముందే ఉంటుంది. కెప్టెన్‌కు అది అనువైన చోటు. మీ కొత్త అమ్మాయి ఏ స్థానంలో ఆడుతుందో మీరు రాయలేదు. హెడ్మాస్టరు గారు అంత ముచ్చట పడుతున్నారంటే ఫార్వర్డే అయ్యుంటుందని నా ఊహ.

ప్రతిభ ఉన్న చిన్నపిల్లను కెప్టెన్ చెయ్యకపోతే అన్యాయం జరిగిపోతుందని కంగారు పడకండి. రాణి రాంపాల్ పద్నాలుగేళ్లకే దేశం తరఫున ఆడింది. 2010లో అర్జెంటీనాలోని రొసారియోలో ప్రపంచకప్ జరిగేనాటికి ఆమెకు పదిహేనేళ్లు. ఏడు గోల్స్ చేసింది, ఆ టోర్నీలో ఉత్తమ యువ క్రీడాకారిణి అనిపించుకుంది. అంతటి పిల్లను కూడా అప్పుడే కెప్టెన్ని చెయ్యాలని ఎవరూ తొందరపడలేదు. 2018లో లండన్ ప్రపంచకప్‌కు వెళ్లిన జట్టుకు ఆమె నాయకురాలు. తర్వాత టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె సారథ్యంలోనే మన అమ్మాయిలు నాలుగో స్థానం దాకా వెళ్లారు. మధ్యలో గడిచిన ఆ ఏళ్లలో ఆమె ఆట ఏమీ తగ్గలేదు.

ఇద్దరి మనసూ నొప్పించకుండా ఇద్దర్నీ కెప్టెన్లుగా పెడదామని మీ స్టాఫ్ రూములో ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌కు పృథీపాల్ సింగ్, గుర్బక్ష్ సింగ్ ఇద్దర్నీ సంయుక్త కెప్టెన్లుగా పంపారు. ఇద్దరూ ఉద్దండులే. 1928 నుంచి ఆడిన ప్రతి ఒలింపిక్స్‌లోనూ బంగారమో వెండో తెచ్చుకున్న భారత్ ఆ ఏడు మొట్టమొదటిసారి ఫైనల్‌కు వెళ్లలేక కాంస్యంతో తిరిగొచ్చింది. ఓటమికి అదొక్కటే కారణమని నేననను. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా బాగా ఆడింది. కానీ ఎవరి మాట వినాలో ఆటగాళ్లకు తెలియని జట్టును పోటీకి పంపడం పెద్దలు చెయ్యదగ్గ పని కాదు.

కొత్త అమ్మాయిని వైస్ కెప్టెన్ చెయ్యండి. పేరు పెట్టి వదిలెయ్యకుండా పని కూడా అప్పగించండి. మనకు పెనాల్టీ కార్నర్ వచ్చినప్పుడు బంతి ఎవరు తోయాలి, ఎవరు ఆపాలి, ఎవరు కొట్టాలన్నది పూర్తిగా ఆమె నిర్ణయం అని జట్టు మొత్తం ముందు చెప్పండి. హాస్టల్లో నేర్చుకున్నది వారానికో రోజు మిగతావాళ్లకు నేర్పించమనండి. పదో తరగతి అమ్మాయి మార్చిలో పరీక్షలు రాసి వెళ్లిపోతుంది. అప్పటికి ఈ పిల్లకు అందరి పేర్లూ, అందరి బలహీనతలూ తెలిసి ఉంటాయి. ‘వచ్చే ఏడు నీకే’ అని మాత్రం ఇప్పుడే మాట ఇవ్వకండి.

జాబితా నోటీసు బోర్డు మీద అంటించకముందే ఇద్దర్నీ విడివిడిగా పిలిచి చెప్పండి. ‘చక్ దే ఇండియా’ సినిమాలో బిందియా నాయక్ అలక గుర్తుందా? జట్టులో అందరికంటే సీనియర్ని నన్ను వదిలేసి గోలీ విద్యను కెప్టెన్ని చేశారేమిటని మండిపడింది. సినిమాలో కోచ్ కబీర్ ఖాన్‌కు ఆ అలక తీర్చడానికి చివరి రీలు దాకా వ్యవధి ఉంది. మీకు పోటీలు దగ్గరపడ్డాయన్నారు.

ప్రశ్న: నా వయసు 24. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చి ఆరు నెలల కిందట హైదరాబాద్‌లో చేరాను. మా డిపార్ట్‌మెంట్ హాకీ జట్టులో చాలామంది ముప్పై దాటినవాళ్లు. జట్టు రెండు వర్గాలుగా చీలిపోయి ఉంది. ఒక వర్గం వాళ్లు రెండో వర్గానికి బంతి కూడా ఇవ్వరు. పెద్ద సారు పిలిచి, కెప్టెన్సీ నన్ను తీసుకోమన్నారు. పాత కెప్టెన్ అన్న అప్పట్నుంచి నాతో మాట్లాడటం మానేశారు. ఒప్పుకోనా, వద్దా?

జవాబు: ఒప్పుకో తమ్ముడూ. పై ఉత్తరానికి ఒక జవాబిచ్చి నీకు ఇంకో జవాబిస్తున్నానేమిటని అనుకోకు. అక్కడ జట్టు కలిసే ఉంది, కొత్త పిల్లను నెత్తిన పెడితే చెడుతుంది. ఇక్కడ జట్టు ముందే చెడింది. రెండు వర్గాల్లో ఎవరిని పెట్టినా రెండోవాళ్లు ఆడరు. ఎవరి మనిషివీ కాకపోవడమే ఇప్పుడు నీకున్న అర్హత. మీ పెద్ద సారు నీ ఆట చూసి పిలిచారో, ఇది చూసి పిలిచారో నాకు తెలియదు. రెండోదే అయితే తెలివైనవాడే.

కొత్తవాడు కెప్టెన్ కావడం మన హాకీకి కొత్తేమీ కాదు. అసలు భారత హాకీ ఒలింపిక్ కథ మొదలైందే అలా. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌కు మన ఆటగాళ్లు బొంబాయిలో ఓడెక్కి బయల్దేరారు. వాళ్ల కెప్టెన్ ఆ ఓడలో లేడు. ఇంగ్లండ్‌లో ఉన్నాడు. ఆయన జైపాల్ సింగ్ ముండా. ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతపు ఆదివాసీ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన ఫుల్ బ్యాక్, ఐసీఎస్ శిక్షణలో ఉన్నవాడు. ధ్యాన్‌చంద్ లాంటి సిపాయిలూ, ఆంగ్లో ఇండియన్లూ నిండిన జట్టు అది. వాళ్లలో ఎక్కువమందికి ఆయన పరాయివాడే. ఆయన నాయకత్వంలో లీగ్ మ్యాచ్‌లు ఒక్కటీ ఓడలేదు. ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆస్ట్రియా మీద 6, బెల్జియం మీద 9, డెన్మార్క్ మీద 5, స్విట్జర్లాండ్ మీద 6.

కానీ నెదర్లాండ్స్‌తో ఫైనల్ ఆయన ఆడలేదు. అంతకుముందే జట్టును వదిలి వెళ్లిపోయారు. ఎందుకన్నదాని మీద ఇప్పటికీ తలా ఒక మాట చెబుతారు. వైస్ కెప్టెన్ బ్రూమ్ పిన్నిగర్ పగ్గాలు అందుకున్నాడు, 3-0తో బంగారు పతకం వచ్చింది. కెప్టెన్ లేకుండా ఫైనల్లో దిగినా ఆ జట్టు చెదరలేదంటే, రెండో స్థానంలో ఉన్న మనిషి అంత గట్టివాడన్నమాట. కొత్త కెప్టెన్ వెనక పాతవాడొకడు వైస్ కెప్టెన్‌గా ఉండి తీరాలని నేను పట్టుబట్టేది అందుకే. (జైపాల్ సింగ్ తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతుక అయ్యారు. హాకీ కంటే ఆ చరిత్రే పెద్దది, ఇక్కడ చోటు చాలదు.)

కాబట్టి ముందు నువ్వు ఆ పాత కెప్టెన్ అన్న దగ్గరికి వెళ్లు. సారు పిలిపించినప్పుడు కాదు, గ్రౌండ్‌లో అందరి ముందూ కాదు. టీ బడ్డీ దగ్గరో, ఇంటికో. ‘అన్నా, నాకిది తెలియకుండా వచ్చి పడింది. డిఫెన్స్ మొత్తం నువ్వే నడిపించాలి, నేను అడ్డురాను’ అని చెప్పు. చెప్పాక నిజంగానే అడ్డురాకు. ఒప్పుకుంటే సగం గొడవ అక్కడే తీరింది. ‘నీ దిక్కున్న చోట చెప్పుకో’ అంటే వెనక్కి వచ్చి సారుకు ఆ మాట మోయకు.

ఐస్ హాకీలో సిడ్నీ క్రాస్బీ అని ఒకడున్నాడు, కెనడావాడు. 2007లో సీజను మధ్యలో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ వాళ్లు కెప్టెన్సీ ఇస్తామంటే వద్దన్నాడు. సీజను అయ్యాకే తీసుకున్నాడు. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు. 2009లో స్టాన్లీ కప్ గెలిచాడు. అతని దగ్గర నువ్వు నేర్చుకోవలసింది వేళ. రేపే టోర్నమెంట్ ఉంటే అది అయ్యేదాకా ఆగమని సారును అడుగు. ఎదురుగా రెండు మూడు నెలలు ప్రాక్టీసు ఉంటే ఇప్పుడే తీసుకో.

పదవి పోయిన సీనియర్ నీ కింద ఎలా ఆడతాడన్న దిగులు కూడా పెట్టుకోకు. 2016లో రియో ఒలింపిక్స్ ముందు సర్దార్ సింగ్‌ను తీసేసి శ్రీజేష్‌ను కెప్టెన్ చేశారు. సర్దార్ అదే జట్టులో ఆడాడు. 2024లో సవితా పూనియా నుంచి కెప్టెన్సీ ఇరవై రెండేళ్ల సలీమా టెటేకు వచ్చింది. సవిత గోల్‌పోస్ట్ వదిలి వెళ్లలేదు. ఆ ఏడాది నవంబరులో రాజ్‌గిర్‌లో చైనాను 1-0తో ఓడించి ఆసియా చాంపియన్స్ ట్రోఫీ అందుకున్నది ఆ జట్టే. అయితే సలీమా ఉన్నపళంగా ఊడిపడలేదు. 2018 యూత్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చిన జట్టుకూ, తర్వాత జూనియర్ జట్టుకూ ఆమే కెప్టెన్. నువ్వు ఇంతకుముందు ఎక్కడైనా జట్టును నడిపావా? కాలేజీలోనైనా? నడిపి ఉంటే ఆ సంగతి జట్టులో నలుగురికీ తెలియనీ. ఆ మాట నీ నోట కాకుండా ఇంకొకరి నోట వస్తే మరీ మంచిది.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా. మా అమ్మాయి ఖోఖో మానేసి హాకీలో చేరి ఏడాది కాలేదు. గోల్‌కీపర్‌గా పెట్టారు. ఇప్పుడు కెప్టెన్ చేస్తామంటున్నారు. గోల్‌కీపర్లను కెప్టెన్లుగా పెట్టరని మా బంధువు ఒకాయన అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. ఇంతకుముందు చెప్పిన శ్రీజేష్, సవిత ఇద్దరూ గోల్‌కీపర్లే. గోలీ ఆట మొత్తం లోపలే ఉంటుంది, డిఫెన్స్‌ను అరిచి నిలబెట్టేది ఎలాగూ ఆమే. అవతలి కొసలో ఏదైనా గొడవైతే అంపైరు దగ్గరికి చేరడానికి దూరమవుతుంది, అంతే. ఇండియా గోల్‌పోస్ట్ కాచిన ఏతిమరపు రజని మీ ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయే కదా, మీ బంధువుకు ఆ సంగతి గుర్తుచెయ్యండి.

అయినా నేను వద్దనే అంటాను. గోలీ అన్నందుకు కాదు. జట్టుకు కొత్తయితే వేరు, ఆటకే కొత్తయితే వేరు. ఏడాది నిండని పిల్లకు బంతి మీదికి ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో అలవాటు కావడానికే ఇంకా టైము పడుతుంది. పైన ఇంకో బరువు ఇప్పుడే ఎందుకు? ఇంకో ఏడాది ఆగమని కోచ్‌కు మెల్లగా చెప్పండి. ఆ మాట చెప్పడానికి వెళ్లినప్పుడు కిట్ బ్యాగు తెరిపించి చూడండి. హెల్మెట్ సైజు సరిపోతోందా, కిక్కర్ల బెల్టులు తెగిపోయి ఉన్నాయా, గొంతుకు కట్టే గార్డు ఉందా లేదా? లేకపోతే అది కొనేదాకా అమ్మాయిని గోల్‌లో నిలబెట్టవద్దని గట్టిగానే చెప్పండి.