మన ఊరి పటమును మనమే గీసికొనుట

పంచాయతీ కార్యాలయములోని గ్రామ పటమును సభ్యులందరును చూచియే యుందురు. అందు సర్వే నంబర్లు, పొలిమేర రాళ్లు, చెరువు, డొంక, గ్రామకంఠము కలవు. శిస్తు కొరకు, హక్కుల నిర్ణయము కొరకు ఏర్పడిన పటము గనుక ఆ పనికి అది చాలును. కాని శ్రావణ మాసపు రాత్రి వాగు పొంగినపుడు పల్లపు వాడలోని వృద్ధులను, పసిపిల్లలను బడికి చేర్చుటకు ఏ దారి మునుగకుండ నుండునో అది చెప్పదు. కాలనీ నుండి శ్మశానమునకు శవమును మోసికొనిపోవు త్రోవలో ఎంత మేర మోకాలిలోతు నీరు నిలుచునో చెప్పదు. ఇట్టి సంగతులు చెప్పు పటమును గ్రామస్థులే గీసికొనవలెను. అది కష్టమైన పని కాదు.

తీర గ్రామముల వారికి దీని అవసరమును వేరుగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. అటు పిమ్మట తీరమున తుపాను ఆశ్రయములు కట్టబడినవి. ఆశ్రయము ఉన్నంత మాత్రమున చాలదు. చీకటిలో, గాలివానలో అచటికి చేరు దారి ముందుగనే తెలిసి యుండవలెను.

నార్వే, స్వీడన్ దేశములలో ఓరియెంటీరింగ్ అను క్రీడ యొకటి కలదు. పటమును, దిక్సూచిని చేతబట్టి, ఎరుగని అడవిలో గుర్తు పెట్టిన తావులను ఒకదాని వెంట నొకటి వెదకికొనుచు పరుగిడుటయే ఆ క్రీడ. నార్వేలో 1897లోనే ఇట్టి పోటీ జరిగినది. స్వీడనులో 1919 నుండి ఎర్నెస్ట్ కిల్లాండర్ దానిని వ్యాపింపజేసెను. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది. మనకు కావలసినది ఆ పందెము కాదు, ఆ పటము. ఈ భూమి ఎవరిది అని అది అడుగదు. ఇందు మనిషి ఎంత వేగముగా పోగలడు అని అడుగును. నీలము నీటికి, గోధుమ రంగు ఎత్తుపల్లములకు, నలుపు దారులకును, కట్టడములకును, రాళ్లకును, పసుపు బయలు నేలకు గుర్తులు. సులువుగా పోదగిన అడవిని తెల్లగానే విడుతురు. ఆకుపచ్చ ఎంత చిక్కనైన, ఆ పొద అంత చొరరానిదని అర్థము. మన దేశములో ఒక చిక్కు గలదు. ఏప్రిల్ మాసమున పసుపు వేయదగిన మడి ఆగస్టులో బురదయై కాలు దిగబడును. ఒక్క పటమే గీయగలిగినచో వానకాలపు పటమునే గీయుడు.

ఆరంభమున ఊరంతటిని ఎత్తికొనరాదు. ఒక వాడ, దాని నుండి బడి వరకు గల దారులు చాలును. స్కేలు 1:5000 అనుకొందము, అనగా నేలపై 50 మీటర్లు కాగితముపై ఒక సెంటీమీటరు. సామాన్యమైన ఏ4 కాగితము ఈ లెక్కను ఒక కిలోమీటరు వెడల్పును, సుమారు కిలోమీటరున్నర పొడవును పట్టును. గళ్ల కాగితమైనచో మరింత సులభము.

ఇక కొలుచుట. పూర్వము సర్వేవారు 66 అడుగుల గొలుసును లాగెడివారు. మనకు కాళ్లు చాలును. చదునైన దారిపై టేపుతో 100 మీటర్లు సరిగా కొలిచి, రెండు కొసలను గుర్తు పెట్టి, మామూలు నడకతో మూడుమార్లు నడువుడు. కుడికాలు నేలను తాకినప్పుడు మాత్రమే లెక్కింపుడు. 62, 64, 63 వచ్చినచో సగటు 63. బడి దాక నడిచినపుడు 315 వచ్చినదనుకొందము. అది 500 మీటర్లు, కాగితముపై పది సెంటీమీటర్లు. ఇసుకలోను, ఎగువకు ఎక్కునపుడును అడుగు కురుచగును గనుక అట్టి చోట్ల లెక్కను వేరుగా చూచుకొనవలెను. ఎవరి అడుగు వారిదే. ఒకరు నడిచి మరియొకరి సగటుతో భాగించుట తగదు.

దిక్కునకు దిక్సూచి. మన ప్రాంతములో సూది చూపు ఉత్తరమునకును, నిజమైన ఉత్తరమునకును భేదము చాల స్వల్పము. ఈ పనికి దానిని పాటింపనక్కరలేదు. కాని ఇనుము వద్ద సూది అబద్ధమాడును. కరెంటు స్తంభము, ట్రాక్టరు, చేతిలోని గునపము వీనికి దూరముగా నిలువవలెను. సెల్‌ఫోనులోని దిక్సూచికిని ఇదే నియమము. దారి మలుపు తిరిగిన ప్రతిచోట నిలిచి, తరువాతి మలుపు ఉత్తరమునుండి ఎన్ని డిగ్రీలలో నున్నదో చూచి, అడుగులు లెక్కించి, వెంటనే కాగితముపై గీయుడు. ఇంటికి పోయి గీయుదమని వాయిదా వేసిన పటము సామాన్యముగా పూర్తికాదు. చెరువు ఆవలి గుడివంటి చేరరాని గుర్తునకు, తెలిసిన రెండు చోట్ల నిలిచి దాని దిక్కును చూచి రెండు గీతలు గీసినచో, అవి ఖండించుకొన్న తావే గుడి.

బయలుదేరిన చోటికే తిరిగి వచ్చుట ముఖ్యము. కాగితముపై గీత అచ్చముగా మొదటి బిందువును కలియదు. 1200 మీటర్లు తిరిగి 24 మీటర్లు తప్పినదనుకొందము. కాగితముపై అది అయిదు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. కంగారు పడనక్కరలేదు, చివరి గీతను దొంగతనముగా వంచనూ రాదు. తప్పును దారి పొడవున పంచవలెను: 300 మీటర్ల వద్దనున్న బిందువును 6 మీటర్లు, 600 వద్ద 12, 900 వద్ద 18, చివరిదానిని 24 మీటర్లు, అన్నిటిని మొదటి బిందువు ఉన్న దిక్కునకే జరుపుడు. తప్పు ఇంతకు రెండింతలైనచో ఎచటనో అడుగులు మరచిరని గ్రహించి మరల నడచుటే మేలు.

1802లో లాంబ్టన్ మద్రాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ సమీపమున ఏడున్నర మైళ్ల ఆధార రేఖను ఎంతో శ్రద్ధగా కొలిపించి, దానిపైననే తన మహా సర్వేను ఆరంభించెను. మన పటమునకు ఆ 100 మీటర్ల టేపు కొలతయే ఆధారము. అందు అశ్రద్ధ చేసినచో తక్కినదంతయు వ్యర్థము.

అన్నిటికంటె విలువైన భాగము ఎత్తుపల్లములు. దీనికి తాపీ మేస్త్రి వాడు నీళ్ల లెవెల్ గొట్టము చాలును. బడి అరుగు కంటె వీధి ఎన్ని అంగుళములు దిగువనున్నదో, కల్వర్టు దానికంటె ఎంత దిగువనో వరుసగా చూచి పటముపై అంకెలు వేయుడు. పిమ్మట గడచిన వరదలలో నీరు ఎంతవరకు వచ్చెనో అడిగి, గోడలపై మరకలు చూచి నీలముతో గీత గీయుడు. ఎవరిని అడుగవలెనన్నది ఇచట ప్రధానము. నీరుగంటికి అలుగు పారు తీరు తెలియును. గొర్రెల కాపరికి అడ్డదారులు తెలియును. బిందెతో నడచు స్త్రీలకు జారు చోట్లు తెలియును. రచ్చబండ వద్ద కూర్చుండి గీసిన పటములో వాడల దారులే మొదట మాయమగును. పటములో లేని దారి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేరుట అరుదు.

ఇప్పుడు ఆకాశమునుండి తీసిన చిత్రములు ఉండగా ఈ శ్రమ ఏల అని అడుగవచ్చును. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకమున డ్రోనులతో పెక్కు గ్రామకంఠములను కొలిచిరి. ఇస్రో వారి భువన్ చిత్రములను ఎవరైనను చూడవచ్చును. వానిని ఆధారముగా తీసికొనుడు, మేము వలదనము. కాని డ్రోనుకు కప్పులు కనబడును, చింతచెట్టు క్రింది గుంత కనబడదు. మరియు 2021 ఫిబ్రవరిలో కేంద్రము వెలువరించిన మార్గదర్శకముల ననుసరించి మన దేశస్థులు పటములు తయారుచేయుటకు ముందస్తు అనుమతి అవసరము లేదు. ఒక్క హెచ్చరిక: ఈ పటము సరిహద్దు తగవులకు సాక్ష్యము కాదు, హక్కు పత్రము కాదు. దానిని గట్టు తగాదాలోనికి లాగినచో మరునాటినుండి ఎవరును తమ దొడ్డిదారిని చూపరు.

గీసిన పటమును పొరుగూరి మనిషి చేతికిచ్చి, చీకటి పడిన పిమ్మట, ఎవరిని అడుగకుండ బస్సు ఆగు చోటినుండి ఆశ్రయమునకు పొమ్మనుడు. మనవారొకరు లాంతరుతో వెనుక నడువవలెను గాని దారి చెప్పరాదు. ఆయన ఆగి తడబడిన ప్రతిచోటును గుర్తించి పటమును సవరింపుడు. మూలన ఉత్తర దిశ బాణము, స్కేలు, తేదీ వ్రాసి, ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి బడిలో, ఒకటి ఆశా కార్యకర్త వద్ద నుంచి, వానలు వెనుదిరిగిన తరువాత కొత్త మరకలతో మరల సరిచూడుడు.