ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయా? ట్రాక్టర్ బ్లాక్ పగిలిందేమో ఇలా చూడండి

ఈసారి జీవామృతం కాదు, ట్రాక్టర్ గురించి. జీలుగ పూతకొచ్చింది, కాడ ముదరకముందే కలియదున్నాలి. సరిగ్గా అప్పుడే బండి వేడెక్కింది. తప్పు నాదే. మరుగుతున్న రేడియేటర్‌లో చల్లటి బోరు నీళ్లు పోసేశాను. డిప్లొమాలో యంత్రాల పాఠం చదివినవాణ్ణే మరి!

మర్నాడు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంది. ఇలా కనిపిస్తే మళ్లీ స్టార్ట్ చెయ్యకండి, బేరింగులు పోతాయి. రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చెయ్యండి. నీళ్లు బరువు కాబట్టి ముందు అవే కారతాయి.

మెకానిక్ అన్న హెడ్ గ్యాస్కెట్ మార్చాడు. వారానికే మళ్లీ అదే కథ. నిజానికి నీళ్లు గ్యాస్కెట్ నుంచే రానక్కర్లేదు. హెడ్ పగిలినా, లైనర్ కింది ఓ రింగులు పోయినా, బ్లాక్ చీలినా వస్తాయి. ఆయిల్ కూలర్ ఉన్న బండైతే అదీ చూడాలి.

అందుకే ఈసారి హెడ్ విప్పకుండా కింద ఆయిల్ చాంబర్ దించాం. రేడియేటర్ నిండా నీళ్లు పోసి, మూత మీద రాసిన ప్రెజర్ మించకుండా చేతి పంపుతో గాలి కొట్టాం. టార్చ్ వేసి కింద నుంచి చూస్తే రెండో లైనర్ అంచున చుక్కలు. ఓ రింగులే అనుకున్నాం, సంతోషపడ్డాం కూడా. లైనర్ లాగాక, రింగు కూర్చునే చోటు శుభ్రం చేసి, పగుళ్లు చూపించే ఎర్ర రంగు కొట్టి తుడిచి, తెల్ల డెవలపర్ చల్లాం. సన్నటి ఎర్ర గీత తేలింది. వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది.

బయట గోడ మీద పగులైతే కుట్టు వేయించవచ్చు. రింగు కూర్చునే చోట వెల్డింగ్ వద్దన్నాను, పోత ఇనుము వేడికి పక్కన మళ్లీ చీలుతుంది. పాత బ్లాక్ ఒకటి దొరికింది. డబ్బు ఇచ్చే ముందు దానికీ ఇదే పరీక్ష చేయించాను.

బిగింపులో తొందరపడొద్దు. క్రాంక్‌ను మైక్రోమీటర్‌తో కొలిచాకే బేరింగులు తెచ్చాం. లైనర్ బ్లాక్ పైకి ఎంత లేవాలో మాన్యువల్‌లో ఉంటుంది, తక్కువైతే కొత్త గ్యాస్కెట్ కూడా నిలవదు. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే.

జీలుగ మాత్రం పక్కాయన ట్రాక్టర్‌తో దున్నించాను, అప్పటికే కాడలు ముదిరాయి. మొన్న 50 గంటలకు ఆయిల్ మార్చి, పాతది గాజు సీసాలో రాత్రంతా ఉంచాను. అడుగున నీటి చుక్క లేదు.