టిల్ట్ లోయలో సైకిలు యాత్ర

బ్రిటను దీవియొక్క ఉత్తరభాగమున స్కాట్లండు కలదు. అందు మరల ఉత్తరమున నున్న పర్వతప్రదేశమునకు హైలాండ్సు అని పేరు. ఆ కొండలు మన హిమాలయములవలె మిన్ను ముట్టునవి కావు. వానిలోనెల్ల పెద్దదగు బెన్ నెవిస్ శిఖరముయొక్క యెత్తు 1345 మీటర్లు మాత్రమే. ఐనను వానిని చులకన చేసినవారు చిక్కులపాలగుదురు. అచ్చటి వాన చెప్పి రాదు. పొగమంచు కమ్మినచో పది యడుగుల దూరమున నున్న రాయి కానరాదు. కొన్ని లోయలలో దినమంతయు నడచినను మనుష్యులు కాపురముండు ఇల్లొక్కటియు తగులదు. అట్టి చోటులకు సైకిలుపై ఒంటరిగా పోవుటలో వేడుక యేమున్నదని మీరడుగవచ్చును. అది తెలిసికొనుటకు మనమొక యాత్రికుని వెంట టిల్ట్ లోయకు పోవుదము.

ఇట్టి యాత్రకు ఇప్పుడు బైక్‌ప్యాకింగ్ అని పేరు వచ్చినది. పేరు క్రొత్తదే గాని పని పాతది. సైకిలు పుట్టిన నాటినుండియు దానిపై మూట కట్టుకొని దేశము తిరిగినవారు కలరు. వెనుకచక్రముమీద ఇనుప క్యారియరు బిగించి దాని కిరుప్రక్కల పెద్దసంచులు వ్రేలాడదీయుట పూర్వపద్ధతి. రాళ్లదారిలో ఆ సంచులు ఊగును. క్యారియరు మరలు వదులగును. ఇరుకుదారిలో సంచులు పొదలకు తగులుకొనును. అందుచే నేటివారు క్యారియరు మానివేసి, చిన్నచిన్న సంచులను హ్యాండిలుకును, సీటు క్రిందను, ఫ్రేము నడుమను పట్టీలతో బిగియగట్టుదురు. ఒక చిన్న డేరా, నిద్రించుటకు దూదిసంచి, అరచేతిలో నిముడు గ్యాసుపొయ్యి, రెండుదినముల తిండి, వానకోటు, పంక్చరు సామాను, పటము, దిక్సూచి — ఇంతమాత్రమే సరంజామా. చక్రములకు వెడల్పైన టైర్లు వేసి గాలి కొంచెము తక్కువగా నింపుదురు. అట్లైనచో చక్రము రాతిపై ఎగిరిపడదు. ఈ గాలిటైరుతో పేరుపొందిన వారిరువురును స్కాట్లండున పుట్టినవారే యగుట చెప్పదగినది. 1840 ప్రాంతపు దశాబ్దిలో రాబర్ట్ విలియం టామ్సన్ దానికి పేటెంటు పొందెను గాని లోకము దానిని మరచెను. 1888లో బెల్ఫాస్టు నగరమున జాన్ డన్లప్ మరల దానిని కనిపెట్టెను.

మన యాత్రికుడు ఆగస్టు నెలారంభమున, పెర్తునుండి ఇన్వర్నెస్సునకు పోవు రైలెక్కి బ్లెయిర్ ఆథల్ అను చిన్న యూరిలో దిగెను. అచ్చట ఆథల్ ప్రభువుల తెల్లని కోట కలదు. టిల్ట్ నది గ్యారీ నదిలో కలియునది అచ్చటనే. ఆ నది వెంట ఎగువకు పోయి, కొండ దాటి, డీ నది లోయలో దిగి, బ్రేమార్ అను ఊరు చేరవలెనని అతని సంకల్పము. దూరము 48 కిలోమీటర్లకు మించదు. మంచి రోడ్డైనచో సైకిలుకు అది ఒక పూటపని. ఇచ్చట రెండుదినములు పట్టునని అతడు లెక్కవేసికొనెను.

స్కాట్లండువారు లోయను గ్లెన్ అందురు. కొండను బెన్ అందురు. వాగును బర్న్ అందురు. గ్లెన్ టిల్ట్ తక్కిన లోయలవలె వంకరలు తిరుగదు. చాలదూరము గీచిన గీతవలె తిన్నగా పోవును. భూగర్భమున శిలలు పగిలి ప్రక్కకు జరిగిన చీలిక యొకటి ఆ దారిని పోవుచున్నది. నది యా చీలికనే అనుసరించినది. మొదట కొంతదూరము చెట్లనీడ, పిదప బయలు. ఇరువైపుల కొండవాలులందు హెదర్ అను పొట్టిపొదలు ఊదారంగున పూచియుండెను. అచ్చటచ్చట గడ్డిలో మొండిగోడలు కనబడుచుండెను. ఒకప్పుడు ఈ లోయలో కాపులుండిరి. పశువులను మేపుకొనుచు కొద్దిపాటి ఓట్లు పండించుకొనిరి. 18, 19 శతాబ్దములలో హైలాండ్సునందు అనేకచోట్ల భూస్వాములు గొఱ్ఱెలకొఱకును, జింకలవేటకొఱకును జనులను లేవగొట్టిరి. నేడు మనము నిర్జనమని మెచ్చుకొను సౌందర్యములో కొంతభాగము ఆ విధముగా ఏర్పడినదే.

ఈ లోయకు శాస్త్రచరిత్రలో గొప్పపేరు కలదు. 1785లో జేమ్స్ హట్టన్ అను పండితు డిచ్చటికి వచ్చెను. గ్రానైటు అను శిల నీటిలో పేరుకొని పుట్టినదని ఆనాటి పెక్కుమంది తలచుచుండిరి. అది భూగర్భాగ్నిచే కరగి పైకి చొచ్చుకొని వచ్చినదని హట్టన్ ఊహ. ఊహకు సాక్ష్యము కావలెను గదా! టిల్ట్ నదిగర్భమున నల్లని పాతశిలలను చీల్చుకొని ఎఱ్ఱని గ్రానైటు తీగలవలె పారియుండుట అతడు చూచెను. శిల ద్రవమైయుండనిదే అట్లు పగుళ్లలో ప్రవేశింపజాలదు. అతడు పొందిన యానందమును చూచి, వెంటవచ్చిన దారిచూపువారు అచ్చట వెండియో బంగారమో దొరికినదని నిశ్చయించుకొనిరట!

మన యాత్రికుడు నదిగట్టున కూర్చుండి రొట్టెయు జున్నును తిని మరల బయలుదేరెను. అత డట్లు నిర్భయముగా కూర్చుండుట కూడ ఊరక వచ్చిన భాగ్యము కాదు. 1847 ఆగస్టులో ఎడింబరో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు జాన్ హట్టన్ బాల్ఫర్ తన విద్యార్థులతో మొక్కలను పరిశీలించుచు ఈ దారిని వచ్చెను. ఇది మా వేటభూమి, ఇటు పోరాదని ఆథల్ ప్రభువు పక్షమువా రడ్డగించిరి. మాటకు మాట పెరిగినది. తుదకు ఆచార్యుడును శిష్యులును గోడ దుమికి పరుగెత్తి తప్పించుకొనిరి. మొక్కల నేరుకొన వచ్చిన పండితులు గోడలు దుముకుట తలచుకొన్న నవ్వు వచ్చును; కాని అంతటితో పోలేదు. దారుల హక్కును కాపాడుటకు 1845లో ఎడింబరోలో ఏర్పడిన సంఘము న్యాయస్థానమునకు పోయెను. వ్యాజ్యము ఏండ్లతరబడి సాగినది. టిల్ట్ దారి ప్రజలదని నిలిచినది. 2003లో స్కాట్లండు శాసనసభ చేసిన భూసంస్కరణచట్టము ఇంకను ముందునకు పోయి, పరులకు హాని చేయక మెలగువారందఱికిని కాలినడకనో, గుఱ్ఱముపైననో, సైకిలుపైననో ఆ దేశపు భూములలో చాలభాగమున సంచరించు హక్కు నిచ్చినది. మోటారుబండ్లకు ఆ హక్కు లేదు.

ఫారెస్ట్ లాడ్జి అను వేటవిడిది దాటినపిదప బండిదారి క్రమముగా సన్నగిల్లెను. ఒకవైపు కొండవాలు, ఒకవైపు క్రింద నది, నడుమ మూరెడు వెడల్పు గల కాలిబాట. పెడలు రాతికి తగిలినచో మనిషియు సైకిలును నదిలో పడుదురు. యాత్రికుడు దిగి నడచెను. నడచుట సిగ్గని తలచువా డీ యాత్రలకు తగడు.

సాయంకాలమునకు అతడు టార్ఫ్ అను ఉపనది జలపాతముగా దుముకుచున్న చోటు చేరెను. అచ్చట ఒక చిన్న వ్రేలాడువంతెన కలదు. ఫ్రాన్సిస్ జాన్ బెడ్‌ఫర్డ్ అను పదునెనిమిదేండ్ల యువకుడు 1879 ఆగస్టు 25వ తేదీన ఈ ప్రాంతమున నీట మునిగి చనిపోయెను. 1886లో అతని మిత్రులును, దారులహక్కుల సంఘమువారును కలిసి అతని జ్ఞాపకముగా ఈ వంతెన కట్టించిరి. వంతెనపై ఆ సంగతి వ్రాయబడియున్నది. యాత్రికుడు దానిని రెండుమారులు చదివి, సైకిలును త్రోసికొనుచు మెల్లగా దాటెను. అచ్చటినుండి టార్ఫ్ వెంట లోపలికి పోయినచో కొండలనడుమ ఒంటరి యిల్లొకటి కలదు. యాత్రికులు ఊరక తలదాచుకొనుటకు తాళము వేయక వదలిన ఇట్టి యిండ్లను బాథీలందురు. 1965లో స్థాపింపబడిన బాథీల సంఘము ఇట్టివానిని సుమారు వందింటిని సంరక్షించుచున్నది. దీనికి ప్రజలు పెట్టిన వేడుకపేరు టార్ఫ్ హోటలు! అందు వంటవాడు లేడు, దీపము లేదు, మంచమును లేదు.

మన యాత్రికు డటు పోలేదు. ముందునకు సాగి జలవిభాజకము దాటెను. వెనుక పడిన వాన టే నదిలోనికి, ముందు పడిన వాన డీ నదిలోనికి పోవును. ఆ వానయే ఇప్పుడు మొదలయ్యెను. బైనాక్ లాడ్జి శిథిలములు దాటి గెల్డీ వాగు చేరునప్పటికి నీరు తేనీటిరంగున పొంగి పారుచుండెను. పీట్ అను నల్లని బురదనేలనుండి దిగు నీరగుటచే ఆ రంగు. రేవున వంతెన లేదు. అవతలిగట్టు ముప్పది నలుబది అడుగులు మాత్రమే. ఆవల మంచి బండిదారి. దాటినచో ఆ రాత్రియే బ్రేమార్‌లో వేడియన్నము. రాత్రి తొమ్మిదింటివరకు వెలుతురుండును గదా అని కూడ అతని మనసు చెప్పెను. అతడొక కఱ్ఱను నీట దించి చూచెను. తొడలోతు. నీటి అడుగున రాళ్లు దొర్లుచున్న చప్పుడు వినవచ్చుచుండెను.

అతడు వెనుకకు తిరిగి మెట్టపై డేరా వేసికొనెను. గాలి ఆగగానే మిడ్జీలు దిగినవి. అవి మన దోమలకంటె చాల చిన్నవి. వేలకొలది ఒక్కసారి ముసరి కుట్టును. ఆ బాధ పడలేక యాత్రికుడు వంట సగములో వదలి డేరాలో దూరెను. అట్టి రాత్రి సుఖముగా గడచెనని వ్రాయుట అబద్ధమగును.

కొండవాగులు వానతో ఎంతవేగముగా పొంగునో వాన నిలిచినచో అంతవేగముగా తగ్గును. తెల్లవారునప్పటికి రేవున మోకాటిలోతు నీరుండెను. యాత్రికుడు బూట్లు విప్పలేదు. ఒట్టికాళ్లతో జారుట సులభము. సైకిలును తనకు దిగువవైపున నుంచుకొని, ఎగువకు మొగమై, ఒక్కొక్క యడుగు నిలద్రొక్కుకొనుచు దాటెను. ఎగువవైపున నుంచినచో ప్రవాహము సైకిలును మీదికి త్రోసి మనిషిని పడవేయును.

ఆపైని దారి సుగమము. వైట్ బ్రిడ్జి దాటి, డీ నది ఇరుకైన రాతిసందున చొచ్చి నురుగులు గ్రక్కు లిన్ ఆఫ్ డీ చేరెను. అచ్చటి రాతివంతెనను 1857లో విక్టోరియారాణి ప్రారంభించినది. అచ్చటినుండి తారురోడ్డు. పదిగంటలకెల్ల అతడు బ్రేమార్‌లో ఒక దుకాణము ముందు సైకిలు ఆనించి, మేజోళ్లు పిండుకొని, లోనికి పోయి రెండు కప్పుల టీ తెమ్మనెను. రెండవవా రెవరని దుకాణదారు అడిగెను. రెండును తనకే యని యాత్రికుడు చెప్పెను.