సుడిదోమకూ వరికీ మధ్య కొన్ని జన్యువులు

పురుగును తట్టుకునే పంట అనగానే మనలో చాలామందికి బీటీ పత్తి గుర్తొస్తుంది. బాక్టీరియా జన్యువును పత్తిలోకి పంపడం, 2002లో మన దేశంలో అనుమతి రావడం, తర్వాత గులాబీ పురుగు దానికి అలవాటు పడిపోవడం... ఈ కథ చాలాసార్లు విన్నాం. మన గోదావరి డెల్టాలో అంతకంటే పాత కథ ఇంకొకటి ఉంది. అందులో బయటి బాక్టీరియా ఏదీ లేదు. జన్యువులూ వరివే, వాటిని ఎదుర్కొనే పురుగూ వరి పురుగే. ఆ జన్యువులు ఎలా పనిచేస్తాయి, కొన్ని ఎందుకు త్వరగా చేతులెత్తేస్తాయి, వాటి ఆయుష్షు పెంచాలంటే ఏం చేయాలి అనేది నాకు అర్థమైనంతలో చెబుతాను. పదో తరగతితోనే బయాలజీకి దండం పెట్టేసిన వాళ్లు కూడా ధైర్యంగా చదవొచ్చు.

ఎవరీ సుడిదోమ?

ఇది మనల్ని కుట్టే దోమ కాదు. గోధుమ రంగులో, బియ్యపు గింజ కంటే చిన్నగా ఉంటుంది. వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి, సూదిలాంటి మూతిని కాండంలోకి దించి ఫ్లోయమ్ గొట్టాల్లోని రసం పీలుస్తుంది. ఆకుల్లో తయారైన చక్కెర వేళ్లకూ గింజలకూ వెళ్లే పైపులైను అదే. పైనుంచి చూస్తే చేను పచ్చగానే కనబడుతుంది. ఉన్నట్టుండి ఒకచోట గుండ్రంగా ఎండిపోయి, ఆ సుడి రోజురోజుకీ పెద్దదవుతుంది. ఈ నష్టాన్నే రైతులు దోమపోటు అంటారు. గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి నెల కూడా పట్టదు కాబట్టి, ఒక్క పంటకాలంలోనే మూడు నాలుగు తరాలు గడిచిపోతాయి.

పొడుగు వరి రకాల కాలంలో ఇది అంత పెద్ద సమస్య కాదు. 1960ల మధ్యలో తైచుంగ్ నేటివ్ 1, ఐఆర్ 8 లాంటి పొట్టి రకాలు వచ్చాయి. పిలకలు ఎక్కువ, యూరియా ఎక్కువ, సార్వా అవగానే దాళ్వా, చేలో ఎప్పుడూ నీళ్లు. దోమకు ఇంతకంటే మంచి ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? 1973లో కేరళలో విరుచుకుపడింది. ఆ దశాబ్దంలోనే మన డెల్టాకూ తలనొప్పి అయింది.

తట్టుకోవడం అంటే ఏమిటి?

అమెరికన్ కీటక శాస్త్రవేత్త రెజినాల్డ్ పెయింటర్ 1951లోనే దీన్ని మూడు రకాలుగా విడదీశాడు. మొదటిది, పురుగు ఆ మొక్క మీద వాలడానికే ఇష్టపడకపోవడం. రెండోది, వాలి తిన్నా అది ఒంటికి పడక పిల్లలు చనిపోవడం, గుడ్లు తగ్గిపోవడం. మూడోది, పురుగు మామూలుగానే తింటున్నా మొక్క ఓర్చుకుని దిగుబడి ఇవ్వడం. ఈ మూడో దాంట్లో పురుగుకు ఏ ఇబ్బందీ లేదు, కాబట్టి అది మారాల్సిన ఒత్తిడీ ఉండదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఒక రకం తట్టుకుంటుందో లేదో తేల్చే పరీక్ష చాలా సింపుల్. ఒక ట్రేలో వరసలు వరసలుగా మొలకలు పెంచుతారు. వాటి మధ్య రెండు వరసలు తప్పనిసరి. ఒకటి దోమకు తేలిగ్గా లొంగిపోయే తైచుంగ్ నేటివ్ 1, రెండోది గట్టిగా నిలబడే కేరళ పట్టాంబి రకం పీటీబీ 33. దోమ పిల్లల్ని వదిలి, తైచుంగ్ వరస దాదాపు మొత్తం ఎండిపోయాక మిగతా వాటికి 0 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. ఇక్కడ ఎన్ని తక్కువ మార్కులొస్తే అంత గొప్ప!

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో అత్వాల్, పాఠక్ తదితరులు ఈ లక్షణం తరాల్లో ఎలా సాగుతుందో చూసి 1971లో ప్రచురించారు. ముద్గో అనే భారతీయ రకాన్ని, లొంగిపోయే రకంతో కలిపితే మొదటి తరం మొత్తం తట్టుకుంది. రెండో తరంలో 3:1. అంటే ఒకే ఒక బహిర్గత జన్యువు. దానికి బీపీహెచ్ 1 అని పేరు. తమిళనాడు రకం ఏఎస్‌డీ 7లో ఇంకొకటి దొరికింది, అది అంతర్గత జన్యువు, బీపీహెచ్ 2. మన భాషలో చెప్పాలంటే మొదటిది ఓఆర్ గేటు, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క కాపీ వచ్చినా చాలు. రెండోది ఏఎన్‌డీ గేటు, రెండు కాపీలూ ఉండాల్సిందే.

జన్యువు అసలు చేసే పని

2009లో చైనాలోని వుహాన్ యూనివర్సిటీ వాళ్లు బీపీహెచ్ 14 అనే జన్యువును విడదీసి చూపించారు. అది అడవి వరి ఒరైజా అఫిసినాలిస్ నుంచి వచ్చింది. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్ మొక్క కణంలో కాపలాదారు. దోమ మూతి దించినప్పుడు లాలాజలం కూడా లోపలికి వస్తుంది కదా, ఆ లాలాజలంలోని ఒక ప్రోటీన్‌ను ఇది గుర్తుపడుతుంది. వెంటనే ఫ్లోయమ్ గొట్టాల్లో క్యాలోజ్ అనే పదార్థం పేరుకుని దారి మూసుకుపోతుంది. దోమ స్ట్రా వేసింది గానీ జ్యూస్ రావట్లేదన్నమాట.

2023లో అదే యూనివర్సిటీ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఈ అలారం ఎప్పుడూ మోగుతూనే ఉంటే మొక్క ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకని మొక్క లోపలే ఇంకో ప్రోటీన్ ఆ లాలాజలపు ముక్కను ముక్కలు చేయించి, అలారాన్ని తగ్గిస్తుంది. ఈ ఏర్పాటును వాళ్లు రియోస్టాట్‌తో పోల్చారు. ఫస్టియర్ ల్యాబ్‌లో మనం తిప్పిన రియోస్టాట్ వరి కాండంలో కూడా ఉందంటే నాకైతే భలే అనిపించింది.

ఎందుకు ఓడిపోతాయి?

బీపీహెచ్ 1 ఉన్న ఐఆర్ 26 రకం 1973లో విడుదలైంది. రెండు మూడేళ్లలోనే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దోమలు దాన్ని కూడా తినడం నేర్చుకున్నాయి. నేర్చుకున్నాయి అనడం మాట వరసకే. ఆ గుంపులో కాపలాదారు కంట పడని దోమలు ముందే కొన్ని ఉన్నాయి. దేశమంతా ఒకే జన్యువు ఉన్న రకం వేస్తే మిగతావి చచ్చి, ఆ కొన్నే పిల్లల్ని పెడతాయి. తర్వాత బీపీహెచ్ 2తో 1976లో ఐఆర్ 36 వచ్చింది, కొన్నేళ్లకు కొన్ని చోట్ల దాని పనీ అంతే అయింది. ఇక మన దక్షిణాసియా దోమ వేరే రకం, దాని మీద ఈ రెండు జన్యువులూ పెద్దగా పనిచేయనే లేదు. మనకు వేరే మూలం కావాల్సి వచ్చింది.

పశ్చిమ గోదావరి పెనుమంట్ర మండలంలో 1925 నుంచి ఉన్న మార్టేరు పరిశోధన స్థానం ఆ మూలాన్ని అస్సాం వైపు నుంచి తెచ్చుకుంది. 1960ల చివర్లో ఈశాన్య కొండల్లో తిరిగి శాస్త్రవేత్తలు వేల నాటు రకాలు సేకరించారు. అదే అస్సాం రైస్ కలెక్షన్. అందులోని ఏఆర్‌సీ 6650తో కలిపితే వజ్రం వచ్చింది. ఏఆర్‌సీ 5984ను సౌభాగ్యతో కలిపితే చైతన్య, కృష్ణవేణి వచ్చాయి. వజ్రం సంతానం విజేత, అంటే 1001. కృష్ణవేణికీ ఐఆర్ 64కీ పుట్టింది కాటన్‌దొర సన్నాలు, అంటే 1010. ఐఆర్ 64లో బీపీహెచ్ 1తో పాటు చిన్న చిన్న ప్రభావం ఉన్న జన్యువులు ఇంకొన్ని ఉన్నాయని, అందుకే అది ఐఆర్ 26 కంటే ఎక్కువ కాలం నిలబడిందని తేలింది.

ఒక లెక్క

ఎకరం 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 33 దుబ్బులు అనుకుంటే ఎకరానికి సుమారు 1.33 లక్షల దుబ్బులు. దుబ్బుకు 20 దోమలంటే దాదాపు 27 లక్షల దోమలు. ఒక జన్యువును దాటగల దోమ 10 లక్షల్లో ఒకటి ఉంటుందనుకుందాం (ఇది నా ఊహ మాత్రమే). అప్పుడు ప్రతి ఎకరంలోనూ అలాంటివి రెండు మూడు ఉంటాయి. జన్యువు ఓడిపోవడానికి అది చాలు.

ఇప్పుడు ఒకే మొక్కలో, దోమను వేర్వేరు దారుల్లో పట్టే రెండు జన్యువులు పెట్టామనుకోండి. రెండింటినీ దాటే దోమ లక్ష కోట్లలో ఒకటి. ధవళేశ్వరం బ్యారేజీ కింద ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. డెల్టా మొత్తం వెతికినా అలాంటివి రెండు మూడే దొరుకుతాయి, అవి ఒకదాన్నొకటి కలవడమే కష్టం. దీన్నే జన్యువుల పిరమిడ్ అంటారు. డీఎన్ఏ మార్కర్లు వచ్చాక ఏ మొలకలో ఏ జన్యువు ఉందో ఆకు ముక్కతోనే తెలుసుకోవచ్చు కాబట్టి ఇది చేయగలిగే పనే. శ్రీలంక రకం రతు హీనతిలోని బీపీహెచ్ 3 ఒక్క జన్యువు కాదు, పక్కపక్కనే ఉన్న మూడు జన్యువుల గుంపని 2015లో తేలింది. ప్రకృతి ముందే పిరమిడ్ కట్టిందన్నమాట.

అయితే ఒక షరతు ఉంది. అవే రెండు జన్యువుల్ని ముందు విడివిడిగా రెండు రకాల్లో వదిలేస్తే లెక్క తప్పుతుంది. దోమ ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తుంది. ఒక చేలో ఒంటరిగా వాడేసిన జన్యువు పక్క ఊరి చేలోని పిరమిడ్‌ను కూడా బలహీనం చేస్తుంది. కాబట్టి జన్యువు కాలువ నీరు లాంటిది, అందరి ఉమ్మడి ఆస్తి.

గింజలో లేని సగం

1982లో వచ్చిన స్వర్ణ, అంటే 7029, దోమకు లొంగుతుంది. అయినా దశాబ్దాలుగా రైతు దాన్ని వదల్లేదు, ఎందుకంటే దిగుబడి ఉంది, కొనేవాడూ ఉన్నాడు. వద్దని చెప్పడం కంటే దానికే జన్యువు చేర్చడం తెలివైన దారి. మునకను తట్టుకునే జన్యువును ఇలాగే చేర్చి 2009లో స్వర్ణ సబ్ 1 ఇచ్చారు. దోమ విషయంలోనూ అదే పద్ధతి.

రెండోది మందు. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే దోమ కంటే ముందు దాన్ని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చస్తాయి, దోమ ఇంకా పెరుగుతుంది. ఇండోనేషియా 1986లో వరి మీద 57 మందులను నిషేధించింది ఇందుకే. సాలీళ్లు బతికుంటే జన్యువును దాటిన ఆ రెండు మూడు దోమల్ని కూడా అవి తినేయొచ్చు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నగారినో బాబాయినో మూడు విషయాలు అడగండి. ఏ రకం వేశారు, చుట్టుపక్కల ఎన్ని ఎకరాల్లో అదే రకం ఉంది, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీశారా. తర్వాత చేలోకి దిగి, దుబ్బును పక్కకు వంచి మొదలు చూడండి. అక్కడ దోమలతో పాటు సాలీళ్లు కూడా కనిపిస్తే, మందు డబ్బా మూత తీసే ముందు ఒకసారి లెక్కపెట్టమనండి.