స్టార్మ్ క్లస్టర్‌లో వర్కర్లు ఎన్ని పెట్టాలి? సింపుల్‌గా తెలుసుకుందాం!

ఫోన్ కొనేముందు కోర్లు, ర్యామ్ చూస్తాం కదా! ఆగకుండా వచ్చే డేటాని అప్పటికప్పుడు ప్రాసెస్ చేసే అపాచీ స్టార్మ్‌లోనూ ఇలాంటి లెక్కే ఉంటుంది. దీన్ని 2011లో ట్విట్టర్ ఓపెన్ సోర్స్ చేసింది.

ఇందులో పని పంచేది నింబస్. ప్రతి మెషీన్‌లో ఉండే సూపర్‌వైజర్ వర్కర్లని స్టార్ట్ చేస్తుంది. డీఫాల్ట్‌గా మెషీన్‌కి 4 స్లాట్లు (పోర్టులు 6700 నుంచి 6703). ఒక్కో స్లాట్‌కి ఒక్క వర్కర్, అంటే ఒక జావా వర్చువల్ మెషీన్. అందులో నడిచే థ్రెడ్లే ఎగ్జిక్యూటర్లు.

3 మెషీన్లుంటే 12 స్లాట్లు. మొత్తం ఒకే టోపాలజీకి ఇచ్చేస్తే రెండోదానికి చోటుండదు. పైగా ఒకే వర్కర్ లోపల డేటా మెమరీలోనే చేతులు మారుతుంది, వర్కర్ దాటితే సీరియలైజ్ చేయాల్సిందే. అందుకే నేనైతే ఒక టోపాలజీకి మెషీన్‌కి 1 వర్కర్‌తోనే మొదలుపెడతాను.

ఇక అసలు విషయం! ఎగ్జిక్యూటర్లని రీబ్యాలెన్స్‌తో తర్వాతైనా పెంచుకోవచ్చు. కానీ టాస్కుల సంఖ్య మొదట్లోనే ఫిక్స్, దాన్ని దాటి ఎగ్జిక్యూటర్లు పెరగవు. విడిగా చెప్పకపోతే 4 ఎగ్జిక్యూటర్లకి 4 టాస్కులే వస్తాయి. ముందే 8 టాస్కులు పెట్టుకుంటే, రద్దీ పెరిగిన రోజు టోపాలజీని తీసేసి మళ్లీ సబ్మిట్ చేయకుండానే 8 ఎగ్జిక్యూటర్ల దాకా వెళ్లొచ్చు.